నూనె డబ్బాలో కంప్యూటరు: ముందు గాలి దారి, తర్వాత పెట్టె

(డిప్లొమా విద్యార్థుల వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. మధ్యమధ్యలో కొన్ని వస్తువులు ఎత్తి చూపిస్తాను. అవి చిన్నవి, దూరం నుంచి కనిపించవు.

పాత కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నవాళ్లు రోజూ చూసే సంగతి ఒకటుంది. జనం వదిలేసుకునే కంప్యూటర్లలో చాలావాటికి మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ కలిసే ప్రధాన బోర్డు, బాగానే ఉంటుంది. కేబినెట్, అంటే బయటి పెట్టె, అడుగున తుప్పు పట్టి ఉంటుంది, ముందు ప్లాస్టిక్కు పగిలి ఉంటుంది, పవర్ బటన్ లోపలికి దిగబడిపోయి ఉంటుంది. పాత బోర్డు కోసం కొత్త కేబినెట్ కొనడం దండగని ఇంట్లోవాళ్లు అంటారు. దాంతో మొత్తం పాత ఇనుప సామాన్ల బండెక్కిపోతుంది. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. లెక్కలు చేసుకోవడానికి, తెలుగులో టైపింగ్ నేర్చుకోవడానికి, ప్రోగ్రాములు రాసుకోవడానికి ఆ బోర్డు ఇంకా చాలా ఏళ్లు పనికొస్తుంది. దానికి లేనిదల్లా ఒక గూడు. ఆ గూడు మన ఇంట్లో ఉన్న వస్తువులతోనే కట్టుకోవచ్చు. సరిగ్గా కడితే బజారు కేబినెట్‌కు ఏ విధంగానూ తీసిపోదు.

"సరిగ్గా కడితే" అన్నాను. ఎక్కువమంది ముందు పెట్టెను ఎంచుకుంటారు. ఒక ట్రంకు పెట్టె కనిపించింది, బాగుంది, ఇందులో బోర్డు ఎలా ఇరికిద్దామా అని మొదలుపెడతారు. నేను చెప్పేది దీనికి తలకిందులు. బోర్డును కాగితం మీద పెట్టండి. గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో బాణాలు గీయండి. ఎర్త్ తీగ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో గీయండి. ఆ గీతలు ఏ వస్తువులో సహజంగా ఇముడుతాయో చూసి, దాన్ని తెచ్చుకోండి. ఈ గంటసేపూ నేను చెప్పబోయేది ఇదే.

ఇదేదో పేదరికపు పని అనుకునేవాళ్లకు ముందు కొంచెం చరిత్ర చెప్పాలి. 1976లో ఆపిల్ కంపెనీ అమ్మిన మొదటి కంప్యూటరు, ఆపిల్ 1, వట్టి బోర్డు. ధర 666 డాలర్ల 66 సెంట్లు. కీబోర్డు లేదు, తెర లేదు, ట్రాన్స్‌ఫార్మర్లు లేవు, పెట్టె లేదు. మొత్తం తయారైనవే సుమారు 200. కొన్నవాళ్లు ఎవరికి వాళ్లు చెక్కపెట్టెలు చేసుకున్నారు. హవాయి దీవుల్లో పెరిగే కోవా అనే చెట్టు చెక్కతో చేసిన పెట్టెల్లో కొన్ని బోర్డులు ఈనాటికీ ఉన్నాయి. వ్యక్తిగత కంప్యూటరు చరిత్ర మొదలైందే వడ్రంగి పనితో.

ఇరవై ఏళ్లు ముందుకు రండి. 1996లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ శోధన యంత్రం కోసం పది హార్డ్ డిస్కులు జతచేశారు. ఒక్కొక్కటి 4 గిగాబైట్లు. అవి వేడెక్కకుండా విడివిడిగా నిలబడాలి, అవసరమైతే పెట్టె పెరగాలి. వాళ్లు పిల్లలు ఆడుకునే లెగో తరహా ప్లాస్టిక్ ఇటుకలతో గూడు కట్టారు. ఆ పెట్టెను స్టాన్‌ఫర్డ్‌లో ప్రదర్శనకు ఉంచారు. 1999 నాటికి గూగుల్ కంపెనీ అయ్యాక కూడా కేబినెట్లు కొనలేదు. ఒక్కో ట్రేలో నాలుగు మదర్‌బోర్డులు పక్కపక్కన పరిచారు. బోర్డు అడుగున ఉండే టంకం మొనలు ట్రే లోహానికి తగలకుండా మధ్యలో పల్చని కార్క్ పొర వేశారు. సీసా మూతలకు వాడే బెరడు అది. అలాంటి ర్యాక్ ఒకటి అమెరికాలోని మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియంలో ఉంది. గమనించండి, వాళ్లు అందం చూడలేదు. విద్యుత్తు తగలకూడదు, గాలి ఆడాలి, చెయ్యి సులువుగా దూరాలి. ఈ మూడే చూశారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇంకొకటుంది. 2011 ప్రాంతంలో ప్యారిస్‌లో కొందరు డిజైన్ విద్యార్థులు 20 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్‌ను కోసి, తెరిచి, పాత కంప్యూటర్ల భాగాలు అందులో అమర్చారు. దానికి జెర్రీ అని పేరు పెట్టారు. అది తొందరగానే ప్యారిస్ దాటి పశ్చిమ ఆఫ్రికా దేశాలకు, ఐవరీ కోస్ట్‌లో అబిజాన్‌కు, టోగోకు, బెనిన్‌కు వెళ్లింది. అక్కడి యువతీయువకులు కలిసి కూర్చుని పాత బోర్డులతో ఈ క్యాన్ కంప్యూటర్లు కట్టుకున్నారు. పాత యంత్రాల మీద కూడా నడిచే ఎమ్మాబుంటూస్ అనే లినక్స్ రకం ఉచిత ఆపరేటింగ్ సిస్టం వేసుకున్నారు. ఆ దేశాల్లో నీళ్లకూ నూనెకూ వాడే క్యాన్ ఊరూరా దొరుకుతుంది. పిడి ఉంటుంది, మోసుకుపోవచ్చు. ప్లాస్టిక్ కాబట్టి మామూలు కత్తితో కోయవచ్చు. వాళ్లు పెట్టెను తమ బజారులోంచి తెచ్చుకున్నారు. మనమూ అదే చెయ్యాలి. మన బజారులో ఏముంది? పదిహేను కిలోల నూనె డబ్బా ఉంది. ప్రతి టిఫిన్ సెంటరు వెనకా, ప్రతి మిఠాయి కొట్టు వెనకా పేర్చి ఉంటాయి. ఈరోజు దాని గురించే ఎక్కువగా మాట్లాడతాను.

దానికంటే ముందు, కేబినెట్లు ఇనుముతో ఎందుకు చేస్తారో తెలియాలి. గట్టిదనం ఒక కారణం మాత్రమే. కంప్యూటరు లోపల కోట్లసార్లు మారే విద్యుత్ సంకేతాల వల్ల రేడియో తరంగాలు పుడతాయి. పక్కింటి రేడియోలో, టీవీలో గరగర వస్తుంది. అమెరికాలో రేడియో తరంగాలను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ 1970ల చివర్లో దీన్ని గట్టిగా పట్టించుకుంది. ఆ రోజుల్లో వచ్చిన ఆటారీ 800 కంప్యూటరు మూత తీస్తే లోపల మందపాటి అల్యూమినియం పోత కనిపిస్తుంది. అది ఆ తరంగాలను ఆపడానికే. చెక్కపెట్టెలోనో ప్లాస్టిక్ క్యాన్‌లోనో పెట్టిన బోర్డుకు ఆ కవచం ఉండదు. ఇంట్లో మీడియం వేవ్ రేడియో ఉంటే దగ్గర పెట్టి చూడండి, ఆకాశవాణి మీద గరగర వినిపిస్తుంది. ప్రమాదమేమీ లేదు, కానీ తెలుసుకుని చెయ్యడం వేరు, తెలియక చెయ్యడం వేరు. నూనె డబ్బా నాకు నచ్చడానికి ఇదొక కారణం. అది పుట్టుకతోనే రేకు పెట్టె.

ఇప్పుడు కొలతలు. మీ దగ్గర ఉన్న బోర్డు ఏ కొలతదో ముందు తెలుసుకోండి. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ కొలత 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. దాని తమ్ముడు మైక్రో ఏటీఎక్స్ 244 కి 244. వయా కంపెనీ 2001లో తెచ్చిన మినీ ఐటీఎక్స్ 170 కి 170. నూనె డబ్బా పక్క సుమారు 235 మిల్లీమీటర్లు, ఎత్తు సుమారు 345. అంటే పూర్తి మైక్రో ఏటీఎక్స్ బోర్డు తొమ్మిది మిల్లీమీటర్ల తేడాతో పట్టదు. కానీ నిరాశపడకండి. మైక్రో ఏటీఎక్స్ అని అమ్మిన చవక బోర్డుల్లో చాలావాటి వెడల్పు 244 ఉండదు, 226 దాకా తగ్గించి చేస్తారు. అందుకే పేరు నమ్మొద్దు, స్కేలు పెట్టి కొలవండి.

డబ్బాను నిలబెట్టకండి, పడుకోబెట్టండి. మూత ఉన్న పైముఖం కోసి తీసెయ్యండి. అది కంప్యూటరుకు వెనక వైపు అవుతుంది. డబ్బా అడుగు ముందు వైపు అవుతుంది, అక్కడ ఫ్యాన్ వస్తుంది. ఇప్పుడేమైంది? ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచి బయటికి, మధ్యలో మలుపులేవీ లేవు. 345 మిల్లీమీటర్ల సొరంగం అది. కొన్న కేబినెట్లలో కూడా గాలికి ఇంత తిన్నని దారి ఉండదు. నేను మొదట గీయమన్న బాణాలు ఈ డబ్బాలో తమంతట తాము ఇమిడాయి.

పడుకోబెట్టిన డబ్బాలో కిందివైపు పవర్ సప్లై, అంటే గోడ కరెంటును బోర్డుకు కావలసిన తక్కువ వోల్టులుగా మార్చే పెట్టె. మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై ఎత్తు 86 మిల్లీమీటర్లు. దాని పైన కాస్త ఖాళీ వదిలి ఒక ప్లైవుడ్ పలక, దాని మీద మదర్‌బోర్డు. అన్నీ కలిపితే పలక పైభాగం 115 దగ్గరికి వస్తుంది. పైన ఇంకా 120 మిగులుతుంది. ప్రాసెసర్‌తో వచ్చే, దాని వేడిని లాగే మామూలు కూలర్‌కు ఇది చాలు. విడి గ్రాఫిక్స్ కార్డుకు చాలదు, దాని ఆశ వదులుకోవాలి. డబ్బా రేకు పల్చన, పవర్ సప్లై బరువుకు వంగిపోతుంది. అందుకని కిందివైపు కూడా ఒక ప్లైవుడ్ ముక్క వేసి, పవర్ సప్లైని దానికి బిగించండి. దాని ఫ్యాన్ ఉన్న ముఖం దేనికీ ఆనకూడదు. పై పలక ఇరుపక్కలా చిన్న చెక్క బద్దీల మీద జారేలా పెట్టుకుంటే బల్ల సొరుగులాగా మొత్తం బయటికి లాగవచ్చు.

డబ్బా కోసేముందు ఒక హెచ్చరిక. నూనె డబ్బా అయితే వేడి నీళ్లూ వాషింగ్ సోడా వేసి రెండుసార్లు కడిగి ఎండబెట్టండి. జిడ్డు మిగిలితే దుమ్మంతా అక్కడే అంటుకుంటుంది. కానీ పెయింటు థిన్నర్, పెట్రోలు, పురుగుమందు ఉన్న డబ్బాను ఎప్పుడూ తేవద్దు. ఖాళీగా కనిపించినా లోపల ఆవిరి ఉంటుంది. డ్రిల్లు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. రేకు కత్తెరతో కోసిన అంచు బ్లేడు లాంటిది. గ్లవ్స్ వేసుకోండి, అంచును ఆకురాయితో రుద్దండి. పాత చేపలతొట్టి గాలి గొట్టాన్ని పొడుగునా చీల్చి ఆ అంచుకు తొడిగితే చేతులకూ తీగలకూ రక్షణ. కోత పనులన్నీ పూర్తయ్యి, రజను దులిపి, తడిగుడ్డతో తుడిచి ఆరాకే బోర్డు ఆ గదిలోకి రావాలి. ఇనుప రజను ఒక్క పలుకు బోర్డు మీద పడితే చాలు, షార్ట్ అవుతుంది.

ఫ్యాన్ రంధ్రం గీయడానికి వృత్తలేఖిని అక్కర్లేదు. ఇదిగో, పాత సీడీ. దీని వ్యాసం 120 మిల్లీమీటర్లు. మన ఫ్యాన్ చట్రం కూడా 120. సీడీని రేకు మీద పెట్టి గీసి, గీతకు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలగా కోయండి. స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు. నాలుగు మూలలూ గుర్తుపెట్టుకోండి. ఫ్యాన్ సగం పలకకు పైన, సగం కింద వచ్చేలా పెడితే గాలి బోర్డుకూ పవర్ సప్లైకీ రెండింటికీ అందుతుంది.

బోర్డు బిగించడం దగ్గరికి వద్దాం. బోర్డు కింద టంకం మొనలుంటాయి. అందుకే దాన్ని కనీసం ఆరేడు మిల్లీమీటర్లు పైకెత్తి నిలబెట్టాలి. కొన్న కేబినెట్లలో దీనికి స్టాండాఫ్‌లనే చిన్న ఇత్తడి కాళ్లు ఇస్తారు. మనకు అవి లేవు. వాడి పారేసిన బాల్ పెన్ను తీసుకోండి. రీఫిల్ దూరే గొట్టంలో 3 మిల్లీమీటర్ల బోల్టు దూరుతుంది. గొట్టాన్ని ఏడేసి మిల్లీమీటర్ల ముక్కలుగా కోస్తే స్టాండాఫ్‌లు తయారు. అన్ని ముక్కలూ ఒకే ఎత్తు ఉండాలి. ఒకటి ఎక్కువైతే బోర్డు వంగి, కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. ఉప్పు కాగితం బల్ల మీద పరిచి ముక్కలన్నీ కలిపి రుద్దితే సమం అవుతాయి. రంధ్రాల స్థానాలకు లెక్కలు వెయ్యకండి. బోర్డు కింద తెల్లకాగితం పెట్టి, ప్రతి రంధ్రంలోంచి పెన్సిల్ మొన గుచ్చండి. ఆ కాగితమే మీ నమూనా. బోర్డులో రంధ్రం ఉన్న చోటే కింద స్టాండాఫ్ ఉండాలి. రంధ్రం లేని చోట లోహపు ముక్క ఒకటి అదనంగా నిలబడి ఉంటే బోర్డు వెనక షార్ట్ అవుతుంది. కంప్యూటరు ఆన్ కావడం లేదని తెచ్చే కేసుల్లో ఇది మామూలుగా కనిపించే కారణం.

చెక్కతో చేసేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది, అది మందం. బోర్డు వెనక యూఎస్‌బీ, తెర తీగ గుచ్చే చోట్లు ఉన్నాయి కదా. అవి ఒక మిల్లీమీటరు రేకు బయట ఉన్నట్టు లెక్కవేసి చేసినవి. తొమ్మిది మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు అంతే సైజు రంధ్రం కోస్తే తీగ పిన్ను లోపలి దాకా పోదు. గుచ్చినట్టే ఉంటుంది, తెర మీద బొమ్మ రాదు. అక్కడ చెక్కను పెద్దగా కోసేసి, బిస్కెట్ డబ్బా మూత లాంటి పల్చని రేకు బిగించాలి. వెనక పలక రంధ్రం ప్రమాణం 158.75 కి 44.45 మిల్లీమీటర్లు. నూనె డబ్బాలో ఈ తిప్పలు లేవు. కోసిన పైముఖం రేకే వెనక పలక అవుతుంది.

(ఒక విద్యార్థిని: సార్, వేసవిలో రేకు డబ్బా వేడెక్కిపోదా?)

మంచి ప్రశ్న, తల్లీ. ఎండలో పెడితే వేడెక్కుతుంది, గదిలో ఉన్నప్పుడు కాదు. గదిలో లోపలి వేడి బోర్డుది, ఆ వేడిని రేకు కాస్త బయటికి పంపుతుంది కూడా. చెక్క పంపదు. అసలు లెక్క గాలిది. కంప్యూటరు తీసుకున్న కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. 100 వాట్లు తీసుకుంటే 100 వాట్ల హీటరు ఆ డబ్బాలో ఉన్నట్టే. లోపలి గాలి బయటి గాలికంటే 10 డిగ్రీలు మించి వేడెక్కకూడదంటే సెకనుకు ఎనిమిది లీటర్లకు పైగా గాలి మారాలి. మన డబ్బా నిండా ఉన్న గాలి రెండు మూడు సెకన్లకొకసారి పూర్తిగా మారాలన్నమాట. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి ఈ పని హాయిగా చేస్తుంది, దాని దారికి అడ్డం లేకపోతే. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో గది 40 డిగ్రీలు అనుకోండి. లోపలి గాలి 50. ప్రాసెసర్ దానికి ముప్ఫై ఎక్కువైతే 80. చాలా ప్రాసెసర్లు 95, 100 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి మనం గట్టెక్కాం. ఫ్యాన్ లేకుండా మూత పెట్టేస్తే మాత్రం గట్టెక్కం.

దారికి అడ్డం లేకపోతే అన్నాను. ఫ్యాన్ వృత్తం సుమారు 113 చదరపు సెంటీమీటర్లు. గాలి బయటికి పోయే రంధ్రాలన్నీ కలిపి కనీసం అంత ఉండాలి, ఎక్కువున్నా తప్పులేదు. అందం కోసం వెనక నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి వదిలేస్తే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి కదలదు.

ఇక మన ఊళ్ల సంగతి. దుమ్ము, చీమలు, బొద్దింకలు, అన్నిటికంటే ముఖ్యంగా బల్లులు. వెచ్చగా, చీకటిగా ఉన్న చోటు బల్లికి ఇష్టం. పవర్ సప్లైలో బల్లి పడి అది మాడి, కంప్యూటరు కూడా పోయిన సందర్భాలు రిపేరు పని చేసేవాళ్లందరికీ తెలుసు. కిటికీకి కొట్టే నైలాన్ దోమల జాలి ముక్క ముందు ఫ్యాన్‌కూ, వెనక ఖాళీలకూ బిగించండి. జాలి కొంత గాలిని ఆపుతుంది కాబట్టి రంధ్రాల వైశాల్యం ఒకటిన్నర రెట్లు చేసుకోండి. ఫ్యాన్ ఒక్కటే ఉంటే దాన్ని గాలి లోపలికి తోసేలాగే పెట్టండి. అప్పుడు గాలి జాలి గుండానే లోపలికి వస్తుంది, మిగతా సందులన్నిట్లోంచి బయటికి పోతుంది. దుమ్ము జాలి దగ్గరే ఆగుతుంది. తిప్పి పెట్టారనుకోండి, ప్రతి సందూ దుమ్ము పీలుస్తుంది. జాలిని విప్పి కడుక్కోగలిగేలా పెట్టుకోండి. ప్లైవుడ్ వాడితే చెదల మందు రాసిన ముక్క తీసుకోండి, గోడకు ఆనించి పెట్టకండి.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం. రాసుకునేవాళ్లు రాసుకోండి. ఎర్త్.

మీలో ఎంతమందికి కంప్యూటరు కేబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంది? చూశారా, సగం చేతులు లేచాయి. అది పాత కేబినెట్ లోపం కాదు. పవర్ సప్లై లోపల రేడియో గరగరను ఆపడానికి రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి లోహపు ఒంటికి, రెండోది న్యూట్రల్ నుంచి అదే ఒంటికి. గోడ సాకెట్లో ఎర్త్ నిజంగా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. మన పాత ఇళ్లల్లో మూడో పిన్నుకు రంధ్రం ఉంటుంది, వెనక తీగ ఉండదు. అప్పుడు 230 వోల్టులు ఆ రెండు కెపాసిటర్ల మధ్య పంచుకుని, లోహపు ఒంటి మీద సుమారు సగం, 115 వోల్టులు నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని వదిలేస్తుంది. కానీ పవర్ సప్లై లోపల తీగ తెగి ఫేజు నేరుగా ఒంటికి తగిలితే అప్పుడు ఆపడానికి ఏమీ ఉండదు, ప్రాణం పోతుంది. చెక్కపెట్టె అయితే ఈ గొడవ లేదనుకోకండి. పవర్ సప్లై ఒళ్లు, బోర్డు గ్రౌండ్, యూఎస్‌బీ లోహం అన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. పెన్‌డ్రైవ్ గుచ్చేటప్పుడు మీ వేలు తగిలేది దానికే.

అందుకని పని మొదలుపెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో చూపించుకోండి. లేకపోతే ముందు అది వేయించండి, కంప్యూటరు తర్వాత. ఇంటి మెయిన్ స్విచ్‌బోర్డులో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉంటే ఇంకా మంచిది. నూనె డబ్బాలో ప్లైవుడ్ ఉంది కాబట్టి పవర్ సప్లైకీ రేకుకూ మధ్య లోహపు సంబంధం దానంతట అది రాదు. పవర్ సప్లై స్క్రూ కిందికి రింగు లగ్గు (ఉంగరం లాంటి లోహపు కొస) బిగించిన ఆకుపచ్చ తీగ ఒకటి పెట్టి, రెండో కొసను డబ్బా రేకుకు బోల్టుతో బిగించండి. ఆ చోట పెయింటునూ తుప్పునూ ఉప్పు కాగితంతో రుద్ది మెరిసే లోహం కనపడాలి. లోపల పళ్లున్న స్టార్ వాషరు వేస్తే అది వదులు కాదు. తర్వాత మల్టీమీటరుతో మూడు పిన్నుల ప్లగ్గు ఎర్త్ పిన్నుకూ డబ్బాకూ మధ్య చూడండి, బీప్ రావాలి. ఇది ప్లగ్గు సాకెట్లో లేనప్పుడు చేసే పరీక్ష.

పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకండి. 230 వోల్టుల ఏసీని లోపల డీసీగా మారిస్తే 325 దాకా వస్తుంది. అది నిలవ ఉండే కెపాసిటర్లు ప్లగ్గు తీసిన తర్వాత కూడా కొంతసేపు షాక్ కొడతాయి. పెట్టెలో పట్టదని పవర్ సప్లై పైరేకు తీసేసి పెట్టినవాళ్లున్నారు. పట్టకపోతే పెట్టె మార్చాలి. నా అభిప్రాయం అడిగితే, మొదటిసారి కట్టేవాళ్లు, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇళ్లల్లో, 230 వోల్టులు పెట్టెలోకే రాకుండా చూసుకోండి. ల్యాప్‌టాప్ అడాప్టరుతో 19 వోల్టుల మీద నడిచే చిన్న బోర్డులు ఉన్నాయి. అవి దొరికితే సగం భయం పోతుంది.

పవర్ బటన్ సంగతి సులువు. కాలింగ్ బెల్ స్విచ్ తీసుకోండి. నొక్కితే కలుస్తుంది, వదిలితే విడిపోతుంది, బోర్డుకు కావలసింది అదే. రెండు తీగలు బోర్డు మీద పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నులకు తగిలించండి. ఏది ఎటు పెట్టినా ఫర్వాలేదు. లైటు స్విచ్ పెట్టకండి. అది కలిసే ఉండిపోతుంది, బటన్ నాలుగు సెకన్లు నొక్కి పట్టినట్టు లెక్కగట్టి బోర్డు ఆగిపోతుంది. ఎల్ఈడీ దీపానికి మాత్రం ప్లస్ మైనస్ చూడాలి. వెలగకపోతే తిప్పి పెట్టండి.

(ఒక విద్యార్థి: అట్టపెట్టె సరిపోదా సార్? యూట్యూబ్‌లో చాలామంది చేస్తున్నారు.)

నమూనాకు సరిపోతుంది, దానికంటే మంచిది లేదు. ముందు అట్టతో కట్టి, తీగలు చాలాయా, మూత పడుతుందా చూసుకుని తర్వాత రేకు కోయండి. ఏళ్ల తరబడి వాడడానికి పనికిరాదు. వానాకాలంలో తేమ పీల్చుకుని మెత్తబడి బోర్డు బరువుకు కుంగుతుంది. షార్ట్ అయి నిప్పు పుడితే అంటుకునేది మొదట అదే. థర్మాకోల్ అసలు వద్దు, వేడికి కరుగుతుంది, రాపిడికి స్టాటిక్ విద్యుత్తు పుట్టిస్తుంది. కేబినెట్‌లో పెట్టకముందు బోర్డును బయట పరీక్షిస్తారు కదా, అప్పుడు అది వచ్చిన వెండిరంగు సంచి మీద పెట్టి కరెంటు ఇవ్వకండి. ఆ సంచుల్లో కొన్నిటి పైపొరలో కరెంటు పారుతుంది. దాని అట్టపెట్టె మీద పెట్టండి. అట్టకు నేనిచ్చే ఉద్యోగం అది.

(మరో విద్యార్థి: పాత ల్యాప్‌టాప్ తెర పగిలిపోయింది, బోర్డు బాగుంది. దాన్ని ఇలా పెట్టెలో పెట్టుకోవచ్చా?)

పెట్టుకోవచ్చు, నిజానికి అదే తేలిక. అడాప్టరుతో నడుస్తుంది కాబట్టి ఇందాక చెప్పిన 230 వోల్టుల భయం లేదు. కూలర్, ఫ్యాన్ బోర్డుకే ఉంటాయి. కాకపోతే ఆ బోర్డులకు ప్రమాణ కొలతలుండవు, వంకరటింకరగా ఉంటాయి. కాగితం, పెన్సిల్ పద్ధతే గతి. విప్పేటప్పుడు మొదట బ్యాటరీ తియ్యండి. ఉబ్బి ఉంటే నొక్కకండి, గుచ్చకండి, చెత్తబుట్టలో వెయ్యకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా అడాప్టరు మీద నడుస్తాయి, విప్పకముందే ఒకసారి అలా నడిపి చూసుకోండి. పవర్ బటన్ కొన్నిట్లో కీబోర్డులోనే ఉంటుంది, కొన్నిట్లో చిన్న రిబ్బన్ తీగ మీద విడిగా ఉంటుంది. అది చూసుకోకుండా కీబోర్డు పారేస్తే ఆన్ చేసే దారి పోతుంది. ఇంకొకటి, వైఫై యాంటెన్నాలు తెర చుట్టూ ఉంటాయి. పగిలిన తెరతో పాటు వాటిని పారేయకండి. నలుపు, తెలుపు రంగుల్లో సన్నటి తీగలు రెండుంటాయి. జాగ్రత్తగా ఊడదీసి, రేకు డబ్బా వాడుతున్నట్టయితే యాంటెన్నా రేకులను డబ్బా బయటికి తీసి అతికించండి. లోపలే వదిలేస్తే రేకు సిగ్నల్‌ను ఆపేస్తుంది, పక్క గదిలో ఉన్న రౌటరు కూడా అందదు.